నాయన కోసం కొన్న హెడ్‌ఫోన్

సొసైటీలో పాలు పోసి వచ్చి సాకమ్మ చెంబు కడుక్కుంటోంది. మొగుడు గోవిందరాజప్ప కొత్త హెడ్‌ఫోన్ చేత పట్టుకుని వసారాలో కూర్చున్నాడు. హోసూరులో ఉద్యోగం చేస్తున్న కూతురు మాదేశ్వరి దాన్ని పంపింది. ఆయనకు తెరుకూత్తు వీధినాటకాలంటే ప్రాణం. మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చుని ఆట చూడలేకపోతున్నాడని ఆ పిల్ల బాధ. ఈ హెడ్‌ఫోన్‌లో మద్దెల ఒక పక్క, తాళాలు ఇంకో పక్క, వేషగాడు ఎదురుగా నిలబడి పాడుతున్నట్టే వినిపిస్తుందట. కాకపోతే పెట్టుకునే మనిషి చెవి ఎలా ఉందో, ఎంత వినిపిస్తుందో దానికి ముందే తెలియాలి.

"రెండు చెవులకీ ఫొటో తీయించు నాయనా. దాని తరువాత సన్నగా బీప్ బీప్ అంటాది. వినపడినప్పుడంతా ఫోన్ మీద తాకు. ముగిసినాక నాకు షేర్ చేయి," అని ఫోన్‌లో విడమరిచి చెప్పింది మాదేశ్వరి.

ఫొటోలు సాకమ్మ తీసింది. పరీక్ష మొదలయ్యేలోపే వీధిలో మేస్త్రీ సెల్వరాజ్ బండి హారన్ మోగింది. గోవిందరాజప్ప ఇళ్ళు కట్టే చోట కాంక్రీటు కలిపే మెషిన్ నడుపుతాడు.

"దీన్ని నువ్వు ముగించేయి. నాకు టైమాయె," అంటూ హెడ్‌ఫోన్ భార్య తలకు తగిలించి, ఏం చేయాలో చేత్తో సైగ చేసి వెళ్ళిపోయాడు.

ఆ ఇంట్లో ఇది వింతేమీ కాదు. ఆయన మొక్కుకున్న ఉపవాసాలు ఆమె ఉండేది. ఆయన మొక్కుకున్న పొర్లుదండాలు ఆమె పెట్టేది. ఇన్నేళ్ళలో దేవుడైనా అదేమని అడిగింది లేదు. ఇక ఫోన్‌లో పరీక్ష ఒక లెక్కా? సాకమ్మ గోడకు ఆనుకుని కూర్చుని శ్రద్ధగానే విన్నది. ఎప్పుడో ఒకసారి బీప్‌మంది. ఫోన్‌లో చార్జి అయిపోవచ్చింది కాబోలు అనుకుని, చివర్లో కూతురికి షేర్ చేసింది.

అక్కడ హోసూరులో మాదేశ్వరి ఆ పరీక్ష ఫలితంగా వచ్చిన గీతల పటం తెరిచి చూసింది. సన్నని శబ్దాలు సగానికి పైగా వినిపించడం లేదని అందులో ఉంది. ఇన్నేళ్ళ మెషిన్ రొద నాయన చెవుల్ని తినేసిందని ఆ పిల్ల అనుకుంది. వీడియో కాల్‌లో చెవి చూపించి, నాయనకు వినపడదని తల్లి ముందు బావురుమని ఏడ్చింది. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. తండ్రిని ఒక్కమాట అడగకుండా ఆ పటాన్ని నేరుగా మేస్త్రీకి పంపి, నాయన్ని మెషిన్ దగ్గరికి రానీయవద్దని వేడుకుంది. సెల్వరాజ్ భయస్థుడు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండమని గోవిందరాజప్పకు మర్యాదగానే చెప్పాడు.

ఆదివారం మాదేశ్వరి పెరియంపట్టిలో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి తండ్రి గడప మీదే కూర్చుని ఉన్నాడు.

"నా చెవి సంగతి మేస్త్రీకి చెప్పమని నీకు ఎవురు చెప్పినారు?"

"నీ మంచికే కదా నాయనా. లారీ వెనక్కి వస్తాంటే నీకు వినపడకపోతే ఏమి గతి?"

"ఎందుకు వినపడదు? కొట్టంలో ఆవు నెమరేసేది కూడా ఇక్కడికి వినపడతాండాది. పని కాడ అందురూ నన్ను చెవిటోడు అంటాండారు. మొగం యాడ పెట్టుకునేది నేను?"

"పటంలో ఉండాదే నాయనా. అది అబద్ధం చెప్తాదా?"

"నీ పటమూ అబద్ధమే, నీ హెడ్‌ఫోనూ అబద్ధమే. అది పెట్టుకుంటే గజ్జెల చప్పుడు చెవిలో సూదులు గుచ్చినట్టు ఉండాది."

"నీకు తక్కువ వినపడేదాన్ని అది ఎక్కువ చేసి ఇస్తాది. పోను పోను అలవాటైపోతాది."

తలుపు దగ్గర నిలబడిన సాకమ్మ ఒకసారి మొగుడి నోటి వైపు, ఒకసారి కూతురి నోటి వైపు చూస్తోంది. ఆ చూపు చూసి గోవిందరాజప్పకు ఒళ్ళు మండింది.

"దీన్ని చూడు. ఇంత రచ్చ అవుతాంటే నోరు తెరుస్తాదేమో చూడు. కంబైనల్లూరులో దీని తమ్ముని ఇంటి పెండ్లికి పోనీయలేదని అప్పటి నుంచి సాధిస్తాండాది. పిలిస్తే పలకదు. పిలిచి పిలిచి నేనే మానేసినాను. ఇప్పుడు పని కూడా పోయె. ఇంక ఈ గోడలతో మాట్లాడుకుంటా కూచుంటాను."

సాకమ్మ వచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఆ పటం మీ నాయనది కాదమ్మా. ఫొటో ఆయనది, బీపులు విన్నది నేను. నువ్వు ఏడ్చేది చూసినాకే నాకూ తెలిసింది. చెప్తే నన్ను దేనికీ పనికిరాదని మూల కూచోబెడతారేమో అని భయపడితిని. మీ నాయన పని పోతాంటే ఇంక దాచేది ఎట్లా?"

గోవిందరాజప్ప లేచి భార్య ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు.

"అట్లయితే నేను పిలిచినప్పుడంతా..."

"నువ్వే పిలిచేది మానేసినావు అనుకుంటిని మామా. పెండ్లికి పోతానని కొట్లాడినాను కదా, ఆ కోపం నీకు తీరలేదు అనుకుంటిని."

ఒకే కప్పు కింద ఉంటూ, ఎదుటి మనిషికి కోపమని ఇద్దరూ ఇన్నాళ్ళు మౌనంగా అన్నం తిన్నారు. మాదేశ్వరి ఏడుపు ఆపుకోలేకపోయింది. తను ఫోన్‌లో ఏది చెప్పినా అమ్మ "సరే సరే" అంటుంటే పరధ్యానం అనుకుని విసుక్కుంది. నాయన ఇంకొంచెం బుద్ధిమంతుడై ఆ పరీక్ష తనే ముగించి ఉంటే, అమ్మ సంగతి ఎవరికి తెలిసేది? ఆయన బద్ధకానికి ఆ పిల్ల మనసులోనే దండం పెట్టుకుంది.

తండ్రిని కూర్చోబెట్టి ఈసారి తన కళ్ళెదుటే పరీక్ష చేయించింది. ఆయన వయసుకు ఆ చెవులు భేషుగ్గా ఉన్నాయి. ఆయన్ని అడిగిన తరువాతే సెల్వరాజ్‌కు ఫోన్ చేసింది.

"తప్పు నాదే అన్నా. నాయన చెవులకు ఏమీ లేదు."

"దేవుడు చల్లగా చూసినాడమ్మా. మీ నాయన లేకుండా ఆ మెషిన్‌తో మేము పడిన పాట్లు మాకే తెలుసు. రేపే రమ్మను," అన్నాడు సెల్వరాజ్.

"రేపు రాను," అని పక్క నుంచి గోవిందరాజప్ప అందుకున్నాడు. "రేపు దీన్ని ధర్మపురికి చెవి డాక్టరు కాడికి పిలుచుకొని పోవాల. ఎల్లుండి వస్తాను."

మాదేశ్వరి తల్లికి ఎదురుగా కూర్చుని అడిగింది. "అమ్మా, నీ పటం డాక్టరుకు చూపించేదా?"

"చూపించు. మేస్త్రీకి మాత్రం పంపవద్దు తల్లీ," అంది సాకమ్మ. ముగ్గురూ నవ్వేశారు.

ఆ హెడ్‌ఫోన్‌లో చుట్టుపక్కల మాటల్ని కూడా పెద్దవి చేసి వినిపించే ఏర్పాటు ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేదాకా ఇదైనా ఉండనీ అని మాదేశ్వరి దాన్ని తల్లి తలకు పెట్టి సరిచేసింది. సాకమ్మ పెరట్లోకి పోయి ఆవు ముందు గడ్డి పరుస్తోంది. గోవిందరాజప్ప ఆమె వెనుకగా వెళ్ళి, కొంచెం దూరంలో ఆగిపోయాడు. మెడ రుద్దుకున్నాడు.

"నీ మీద నాకు ఎప్పుడూ కోపం లేదే సాకీ," అన్నాడు మెల్లగా.

ఆమె తిరిగి చూడలేదు. గడ్డి పరిచే చేతులు మాత్రం ఆగిపోయాయి. వినిపించలేదేమోనని, శబ్దం పెంచడానికి గుమ్మంలోంచి మాదేశ్వరి ఫోన్ అందుకోబోయింది. అప్పుడు సాకమ్మ సరిగ్గా ఆయన నిలబడిన వైపుకే తిరిగింది. చెంపలు తడిసి ఉన్నాయి.

"వినపడింది మామా," అంది. "ఇంకొకసారి చెప్పు."