పన్నెండంకెల తాళం

ఉదయం తొమ్మిదిన్నరకు ఇంటెలిజెన్స్ ఆఫీసు లిఫ్టు తెరుచుకుంది. లోపల కోడ్ ఎక్స్‌పర్ట్ గోడకు చేరగిలబడి ఉన్నాడు. గుండెలో రెండు బుల్లెట్లు.

"నీటి శుద్ధి కేంద్రంలో క్లోరిన్ ట్యాంకుకి విదేశీ ముఠా టైమ్ లాక్ బిగించింది," అన్నాడు చీఫ్. "పదిన్నరకి వాల్వు తెరుచుకుంటుంది. గాలి ఊరి మీదికే. విప్పగలిగినవాణ్ణి లిఫ్టులో చంపేశారు. నువ్వు ఒకప్పుడు లెక్కలు చెప్పేవాడివి కదా?"

"ఏడేళ్లు చెప్పాను." డిపార్ట్‌మెంట్‌లో ఈ ఏజెంటుని మాస్టారు అనే పిలుస్తారు.

మీటర్ రీడర్ వేషంలో అతను కేంద్రానికి చేరేసరికి పదీ ఇరవై ఆరు. అందరినీ బయటికి పంపేసి షిఫ్ట్ ఇంజనీర్ ఒక్కడే ట్యాంకు దగ్గర నిలబడ్డాడు. స్వయానా మాస్టారి బావ.

"నువ్వూ వెళ్లిపో బావా!"

"ట్యాంకు వదిలేసి ఇంటికెళ్తే మీ అక్క బతకనిస్తుందా? నీ పని చూడరా!"

లాక్ స్క్రీన్ మీద అంకెలు మెరుస్తున్నాయి: 739154451937. కింద ఒక ప్రశ్న. ఒకటి కాకుండా దీన్ని శేషం లేకుండా భాగించే అతి చిన్న సంఖ్య ఏది? ఒక్కటే అవకాశం.

మాస్టారు పెదవి విరిచాడు. పొగరు తలకెక్కినవాడే తాళం మీద పొడుపుకథ రాస్తాడు.

చెవిలోని రిసీవర్ పక్కనున్న బావకి కూడా వినిపించేలా గరగరలాడింది. ముఠాలో ఉంటూ మనకు వార్తలు మోసే అందగత్తె, కోడ్ పేరు నెమలి.

"జవాబు ఏడు. నా చెవులతో విన్నాను. త్వరగా నొక్కండి, ప్లీజ్!"

మిగిలింది యాభై సెకన్లు.

"ఏడంటోందిగా, నొక్కరా!" అన్నాడు బావ.

మాస్టారు నోట్లోనే భాగించాడు. శేషం ఆరు. నెమలి ఎవరి కూలి తింటోందో తేలిపోయింది.

బేసి సంఖ్య, కాబట్టి రెండు పోదు. అంకెల మొత్తం యాభై ఎనిమిది, మూడూ పోదు. చివర ఏడుంది, అయిదూ పోదు. ఎటు నుంచి చదివినా ఒకటే సంఖ్య, పైగా అంకెలు సరిసంఖ్యలో ఉన్నాయి. అంకె విడిచి అంకె కూడితే ఇటు ఇరవైతొమ్మిది, అటు ఇరవైతొమ్మిది. తేడా సున్నా అయితే పదకొండు పోతుంది, బళ్లో చెప్పే సూత్రమే.

మూడు సెకన్లుండగా పదకొండు నొక్కాడు.

లాక్ టిక్కుమని ఊడి కింద పడింది. బావ అక్కడే చతికిలబడ్డాడు.

గాలి సోకని వైపు గేటు బయట వ్యానులో నెమలితో పాటు ముఠా నాయకుడూ దొరికాడు. బేడీలు వేస్తున్నా మీసం దించలేదు.

"ఆ సంఖ్య వెతకడానికి ఆర్నెల్లు పట్టింది నాకు. ఏ సూపర్ కంప్యూటర్ వాడావు?"

మాస్టారు అతన్ని ఎగాదిగా చూశాడు.

"మా బడిలో అయితే దీనికి గోడకుర్చీ వేయించేవాణ్ణి. పెద్దవాడివైపోయావు, జైలుతో సరిపెట్టుకో."