మామా ఇంట్లో బొట్టు

ఎనభై తొమ్మిది శీతాకాలం. కువైట్‌లో, సబా అల్ సలేం ప్రాంతంలోని ఒక ఇంటి వంటగదిలో మద్దమ్మ పొద్దున్నే ఖర్జూరాలు పళ్ళెంలో సర్దుతోంది. రాయచోటి వైపు నుంచి వచ్చి ఆ ఇంట్లోనే ఆమె వంటమనిషిగా, భర్త రామాంజులు డ్రైవరుగా కుదిరారు.

ఇంట్లో పనివాళ్ళంతా 'మామా' అని పిలిచే యజమానురాలు లోపలికి వచ్చి ఆమె ముఖంలోకి చూసింది.

"ఈరోజు మా పెద్దాడబిడ్డ వస్తోంది. ఆ ఎర్రచుక్క తుడిచెయ్."

"ఎప్పుడూ ఏమీ అన్లేదు కదా మామా..."

"ఆమెకు నచ్చదు. ఇది మా దేశం, మా పద్ధతి. ఇష్టం లేకపోతే ఖలాస్, మీ ఊరికి వెళ్ళిపో."

మద్దమ్మ ముంగిట్లో కారు కడుగుతున్న భర్త దగ్గరికి పరుగెత్తి చెప్పింది.

"తుడుచుకో మే. ఒక్కపూటే కదా, ఎవురు సూస్తారిక్కడ?"

"నువ్వు కండ్ల ముందర నిలబడుండంగా తుడుచుకోమంటాండావా? ఆ మాట నీ నోట్లోంచి ఎట్లొచ్చింది?"

"మనకు వీసా ఇచ్చిన కఫీల్‌కు కోపమొస్తే ఇద్దరమూ ఇంటిదోవ పట్టాల. నా మాటిను."

మద్దమ్మ గోడవైపు తిరిగి చొక్కా చేతితో నుదురు తుడుచుకుంది. రామాంజులు తల ఎత్తలేకపోయాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి హాల్లో ఫోను మోగింది. ఫ్రాన్సులో ఉంటున్న మామా మనవరాలు హనాన్ చేసింది. మాట్లాడుతూనే మామా కుర్చీలో కూలబడింది.

"తలగుడ్డ తీస్తేనే క్లాసులోకి రానిస్తారట, మద్దమ్మా! పిల్లను బయట కూర్చోబెట్టారట. 'మా దేశం, మా పద్ధతి' అన్నారట. బడి వరకే కదా, తీసెయ్యమని వాళ్ళ నాన్న కూడా అంటున్నాడట."

బాగా అయిందనిపించింది మద్దమ్మకు, ఒక్క క్షణం. అంతలోనే, పోయిన సెలవుల్లో ఇక్కడికొచ్చి తన వెనకే తిరుగుతూ దోసెలు అడిగి వేయించుకున్న పిల్ల గుర్తొచ్చింది. మంచినీళ్ళు తెచ్చి మామా కాళ్ళ దగ్గర కూర్చుంది.

"పాప ఏడ్సిందా మామా?"

"ఏడవలేదు. అదే నాకు భయంగా ఉంది."

మద్దమ్మ కళ్ళనీళ్ళు జలజలా కారాయి. మామా ఆమె బోసినుదురు చూసింది.

"మీలో అది ఎప్పుడు తుడుస్తారు?"

"మొగుడు సచ్చిపోతే."

మామా చూపు కిటికీలోంచి రామాంజులు మీదికి వెళ్ళింది. ముఖం పాలిపోయింది.

"యా అల్లా! ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు కదా మామా."

మామా ఆమె భుజం పట్టుకుని లేపింది. "వెళ్ళి పెట్టుకో. ఆమె కోపం నేను పడతాను."

మధ్యాహ్నం ఆడబిడ్డ వచ్చింది. మద్దమ్మ నుదుటి మీది బొట్టు చూసి, ఆమె అందించిన కాఫీకి చెయ్యి చాచలేదు. మామా ఆ కప్పు తానే అందుకుని తాగింది.

"మేమంతా ఈమె చేతి కాఫీయే తాగుతాం వదినా."

ఆడబిడ్డ ముఖం ముడుచుకుంది గానీ లేచిపోలేదు.

వంటగది గుమ్మంలో రామాంజులు నిలబడి ఉన్నాడు.

"నా పానం నీ మొగాన పెట్టుకోని తిరుగుతాంటివి. నేనే తుడ్సమంటి గదా మే..." అన్నాడు.

మద్దమ్మ ఏడుస్తూనే నవ్వింది. "నువ్వుండావు. నాకది సాలు. రా, అన్నం తిను."