కొలను వైపు తిరిగిన నీళ్ళు

పొద్దున్నే తలుపు తీసిన మిత్సుయేకి వాకిట్లో దారి కనిపించలేదు. ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పడుకోబోయే ముందు తన చేత్తోనే వాల్వు దారి వైపు తిప్పి, నేలలో పాతిన చిల్లుల గొట్టంలోంచి నీళ్ళు చిమ్మడం చూసి మరీ లోపలికి వచ్చింది. బోరు నీళ్ళు చలికాలంలో గోరువెచ్చగా ఉంటాయి, అవి పారుతుంటే ఎంత మంచు పడినా దారి మీద నిలవదు. నీగాత కొండల్లో ఇంటింటికీ అదే ఆధారం. అలాంటిది ఇప్పుడు గుమ్మం దగ్గర్నుంచి కింద పెద్దరోడ్డు దాకా నడుంలోతు మంచు. ఇంకా పడుతూనే ఉంది.

"బోరు ఎండిపోయినట్టుంది మామయ్యా," అంది లోపలికొచ్చి, మామగారితో.

కిన్‌జో దుప్పటి కప్పిన కుంపటి బల్ల కింద కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళకింద ఉబ్బి, మొహం ఆయనది కానట్టే ఉంది. "ఊరంతా పంపులు వేసుకుని కూర్చుంటే ఎండక ఏం చేస్తుంది?" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"ఈరోజు కూడా ఆస్పత్రి బండి రాకపోతే ఎలా?"

"రాకపోతే రాదు. అంతేగా."

అంతేగా అనేసినంత తేలిక కాదని ఇద్దరికీ తెలుసు. వారానికి మూడుసార్లు పట్నం తీసుకెళ్ళి డయాలసిస్ చేయించకపోతే ఆ మనిషి ఒంట్లో నీరు ఒంట్లోనే ఉండిపోతుంది. శనివారం మంచు వల్ల బండి పైకి రాలేదు. ఆదివారానికి పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. ఇవాళ సోమవారం, రెండు మాటలు మాట్లాడితే ఆయాసం వస్తోంది. మిత్సుయే సోయా ముద్దతో కాచిన మిసో చారు గిన్నెలో అడుగున కొంచెం పోసి ఆయన ముందు పెట్టింది. అంతకు మించి తాగకూడదు. ఆయన దాన్ని చప్పరిస్తూ తాగడం చూడలేక పార పట్టుకుని బయటికి నడిచింది.

పెరట్లోకి వెళ్ళి చూసే ధైర్యం ఆమెకి చాలలేదు. బోరు ఎండిందంటే కొలనూ పోయినట్టే. ఉన్న ఒక్క బోరు నీళ్ళనే దారికీ కొలనుకీ వంతులేసుకుంటూ ఈ చలికాలాన్ని ఈడ్చుకొచ్చింది. ఆ సన్నని ధార పడుతుంటేనే కొలను పైన గడ్డకట్టదు, అడుగున రంగురంగుల కోయి చేపలకి ఊపిరాడుతుంది. ఊళ్ళో మిగతా ఇళ్ళవాళ్ళు కప్పు మీద మంచు దర్జాగా తమ కొలనులోకే తోసి కరిగించుకుంటారు. ఈ ఇంట్లో అలా కుదరదు, చేపలకి చలి తగులుతుంది. అందుకని కప్పు మంచంతా మిత్సుయే వాగు దాకా మోసుకెళ్ళి పారబోస్తుంది. భర్త యోషిమి పోయినప్పట్నుంచీ ఈ మోత ఆమెదే.

ఎందుకింత చాకిరీ అని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర ఒకటే జవాబు. ఆ చేపలున్నంత కాలం మామయ్య ఉంటాడు. కొడుకు పెంచిన చేపలవి. ఆ ముసలాయన్ని ఈ లోకానికి కట్టి ఉంచిన తాడు అదొక్కటే అని ఆమె నమ్మకం. ఆయన కూడా పోతే ఈ ఇంట్లో ఆమెకి మిగిలే మనిషి లేడు. పిల్లల్లేరు. పుట్టింట్లో అన్నా వదినలు ఆమె పేరు మరిచిపోయి చాలాకాలమైంది.

గుమ్మం ముందు పది చేటలంత మంచు తవ్వేసరికి మళ్ళీ అంతే పడింది. చేతులు పగిలి, పార పిడికి నెత్తురు అంటుకుంది. ఆ సమయంలో కింద పెద్దరోడ్డు వైపునుంచి ఈదుకుంటూ వస్తున్నట్టు ఒక ఎర్రకోటు కనిపించింది. ఆడపడుచు హరుయో. పట్నంలో ఉంటుంది.

"కారు కింద రోడ్డు మీదే వదిలేసి వచ్చాను వదినా," అంది రొప్పుతూ. "నాన్నని తీసుకెళ్ళిపోతున్నాను. డయాలసిస్ అయ్యాక ఇక మా ఇంట్లోనే ఉంటాడు. ఈసారి ఎవరి మాటా విననుగాక వినను."

"ఎప్పుడు వద్దన్నాను హరుయో? ఆయనే రానంటున్నాడు."

"ఆ చేపలు ఉండగా ఎందుకొస్తాడు? అన్నయ్య పోయిననాడే ఆ గుంట పూడ్చేసి ఉంటే ఈపాటికి ఆయన మా ఇంట్లో వెచ్చగా టీవీ చూసుకుంటూ ఉండేవాడు." హరుయో బూట్లు దులుపుకుంటూ లోపలికి తొంగిచూసి తండ్రిని చూసింది. గొంతు మారిపోయింది. "ఇదేంటి... మొహం ఇలా అయిపోయిందేంటి? ఇలా అయ్యేదాకా చూస్తూ కూర్చున్నారా?"

"ఎవరూ కూర్చోలేదు. దారి తవ్వుతున్నాను. బోరు ఎండిపోయింది."

"ఇంకో పార ఎక్కడుంది? పంపు గదిలోనేనా?" అంటూ జవాబు వినకుండానే హరుయో ఇల్లు చుట్టి పెరటివైపు వెళ్ళింది.

తిరిగొచ్చినప్పుడు ఆమె చేతిలో పార లేదు. మొహం కందిపోయి ఉంది.

"బోరు ఎండిపోయిందా వదినా? పద, వచ్చి చూడు. కొలనులోకి నీళ్ళు ధారగా పడుతున్నాయి. వాల్వు నిక్షేపంగా చేపల వైపు తిప్పి ఉంది. మా నాన్న ప్రాణం గొంతులోకి వస్తే నువ్వు చేపలకి నీళ్ళు పట్టుకుంటున్నావా?"

మిత్సుయేకి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆమె చూపు వంటింటి గుమ్మం దగ్గరికి పోయింది. అక్కడ మామయ్య రబ్బరు బూట్లు తడిగా, మడమల దగ్గర మంచుతో ఉన్నాయి. ఉబ్బిన పాదాలు వాటిలో ఎలా దూర్చాడో, గోడ పట్టుకుని ఆ మంచులో పంపు గది దాకా ఎలా వెళ్ళాడో ఆమె ఊహకి అందలేదు.

"మాట్లాడవేం? అన్నయ్య గుర్తులని వాటిని కళ్ళల్లో పెట్టుకుని చూసుకో, కాదనను. కానీ మా అమ్మా నాన్నల్లో నాకు మిగిలింది ఈయనొక్కడు. ఈయన్ని చంపి ఆ చేపల్ని మేపుకుంటావా?"

"పొరపాటయింది," అంది మిత్సుయే తలొంచుకుని. "నిద్రమత్తులో అటు తిప్పినట్టున్నాను."

"అది తిప్పలేదు," అన్నాడు కిన్‌జో లోపల్నుంచి. "నేను తిప్పాను."

హరుయో గిరుక్కున తిరిగింది. "నువ్వా? మతి ఉండే చేశావా నాన్నా ఈ పని?"

"ఉంది." ఆయన ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు. "దారి వైపు తిప్పితే బండి వస్తుంది, నన్ను తీసుకెళ్తుంది. ఎల్లుండి మళ్ళీ రావాలి. మళ్ళీ ఆ తర్వాత. ఎన్నాళ్ళని? ముసలాణ్ణి, ఎటూ పోయేవాణ్ణి. ఇదెక్కడికి పోతుంది చెప్పు? సాయంత్రం అయితే చాలు, ఆ కొలను గట్టుమీద చతికిలబడి వాటితో మాట్లాడుతుంది. కిటికీలోంచి రోజూ చూస్తున్నాను. మొగుడితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. అవి కూడా చచ్చిపోతే దీనికి ఈ ఇంట్లో ఎవరున్నారు? నేను పోయినా అవి ఉంటే దీనికో తోడని..."

కడుపునిండా ఒక గ్లాసు నీళ్ళు తాగే యోగం లేని మనిషి, ఉన్న నీళ్ళన్నీ చేపలకి వదిలేసి కూర్చున్నాడు. హరుయో గోడకి జారగిలబడింది. మిత్సుయే మాత్రం, ఏనాడూ మామగారి ముందు గొంతు పెంచని మిత్సుయే, చేతిలో పార నేలకేసి కొట్టింది.

"మాట్లాడుతున్నానా? తిడుతున్నాను మామయ్యా! రోజూ వాటిని తిట్టిపోస్తున్నాను!"

కిన్‌జో బిత్తరపోయి చూశాడు.

"నాకు ఆ చేపలంటే ఇష్టమని మీకెవరు చెప్పారు? వాటి మొహం చూస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆరోజు కప్పు మీద మంచు కొలనువైపు తోసేసి ఉంటే మీ అబ్బాయి బతికుండేవాడు. చేపలకి చలి తగులుతుందని, పనికట్టుకుని అవతలి వాలువైపు వెళ్ళాడు, జారిపడ్డాడు. ఆ సంగతి వాటికి రోజూ చెప్తున్నాను. 'మీరు హాయిగా ఈదుతున్నారు, నా మొగుడు మట్టిలో ఉన్నాడు' అని. 'ఇంత నిర్దయగా అవతలివైపు ఎందుకు వెళ్ళావయ్యా' అని ఆయన్నీ కలిపి తిడుతున్నాను. ఇంకెవర్ని తిట్టను? ఎవరికి చెప్పుకోను?"

"మరి... ఇన్ని చలికాలాలు వాటిని ఎందుకు..."

"మీ కోసం! అవి పోతే మీరు పోతారని! పొద్దున లేస్తే మీరు కిటికీ దగ్గరికే పోతారు కదా. చేపలకోసం అనుకున్నాను!"

"నేను చూసేది నిన్ను," అన్నాడు కిన్‌జో. "నువ్వు ఉన్నావో లేదో చూసుకునేవాణ్ణి. ఏదో ఒకనాడు మూట కట్టుకుని వెళ్ళిపోతావని భయం."

కుంపటి బల్ల మీద కమలా తొనలు ఎండిపోయి పడున్నాయి, వాటిని కూడా ఆయన తినకూడదు. అంతలో హరుయో తలుపు తీసి వదిలేసిన పంపు గదిలోంచి పంపు చప్పుడు మారడం ముగ్గురికీ వినిపించింది. నీళ్ళు తోడే నిండైన చప్పుడు పోయి, గరగరమని గాలి పీల్చి, దగ్గి, ఆగిపోయింది. ఊళ్ళో పంపులన్నీ ఒక్కసారే లాగుతున్నాయి, కింద నీరు అందనంత లోతుకి పోయింది. దారికా కొలనుకా అని వాళ్ళు కొట్టుకుంటూ ఉండగానే, అసలు నీళ్ళే లేకుండా పోయాయి.

కిన్‌జో లేవబోయి కూలబడ్డాడు. "అమ్మాయ్, ముందు చేపల్ని... స్నానాల తొట్లోకి... వేడి గదిలో పెట్టొద్దు..."

"ఇప్పుడు కాదు," అంది మిత్సుయే.

"గంటలో గడ్డకట్టేస్తుంది. మంచు కప్పేస్తుంది. పెద్ద చేపలు, ఊపిరాడదు వాటికి..."

"చావనివ్వండి!" ఆ మాట నోటివెంట వచ్చేసింది. అయినా ఆగలేదు. "చచ్చిపోతే చచ్చిపోనివ్వండి మామయ్యా. నాకు మీరు కావాలి. హరుయో, దుప్పట్లు తే."

ఆ ఊరి ఆడవాళ్ళు మంచు తోయడానికి వాడే బండి ఒకటుంది. పెద్ద చేటకి పిడి బిగించినట్టు ఉంటుంది. దాన్ని గుమ్మం దాకా లాక్కొచ్చి, రెండు దుప్పట్లు పరిచి, అందులో ముసలాయన్ని మోకాళ్ళు ముడిచి కూర్చోబెట్టారు. హరుయో మంచులో దిగబడకుండా పాత వెదురు చట్రాలు కాళ్ళకి కట్టుకుని ముందు నడుస్తూ మంచు తొక్కి గట్టిపరిచింది. వెనక మిత్సుయే తోసింది. అడుగు వేస్తే తొడలదాకా దిగబడుతోంది. రెండుసార్లు బండి పక్కకి ఒరిగింది, రెండుసార్లూ ఇద్దరూ మంచులో పడి లేచి నిలబెట్టారు.

"చెత్తను తోసినట్టు తోస్తున్నారు కదర్రా నన్ను," అన్నాడు కిన్‌జో, నవ్వబోయి దగ్గుతూ.

"మాట్లాడకు నాన్నా, ఆయాసం," అంది హరుయో ఏడుస్తూ.

ఇంటి మలుపు తిరిగేటప్పుడు కొలను కనిపించింది. ధార ఆగిన చోట నీళ్ళు చిక్కబడి, మంచు పడిన చోటల్లా కరగకుండా తెల్లగా నిలుస్తోంది. ఇంకా మిగిలిన నల్లటి నీటి మధ్యలో ఒక ఎర్రటి వీపు నెమ్మదిగా పైకి తేలి, మళ్ళీ లోపలికి పోయింది. కిన్‌జో కళ్ళు మూసుకున్నాడు. మిత్సుయే మూసుకోలేదు. ఇన్నేళ్ళూ శాపనార్థాలు పెట్టిన ఆ చేపని చూస్తే, అది వేలెడంత ఉన్నప్పుడు బకెట్లో తెచ్చి తన చేతిలో పెట్టిన యోషిమి తడి చేతులు గుర్తొచ్చాయి. ఆ చేతులు మళ్ళీ ఒకసారి పోతున్నట్టే అనిపించింది. ఏడుస్తూనే తోసింది. ఆగలేదు. ఆ చలికాలం గడిచి మంచు కరిగాక బతికి బయటపడ్డవి లెక్కకి కొన్నే, అదీ బాగా అడుగున ఉన్న చిన్నవి. ఆ సంగతి అప్పటికి వాళ్ళకి తెలియదు. మొత్తం పోయాయనే అనుకున్నారు.

ఆస్పత్రిలో నర్సు కిన్‌జో కాళ్ళు నొక్కి చూసి పెదవి విరిచింది. "ఇంకో పూట ఆలస్యమైతే నీరు గుండెకి పట్టేసేది," అంది. ఆ మాటకి హరుయో మిత్సుయే చెయ్యి పట్టుకుంది. పగుళ్ళలో మంచు కరిగి మళ్ళీ నెత్తురు చెమర్చిన చెయ్యి.

"నన్ను అనాలి వదినా. నోటికొచ్చినట్టు వాగాను."

"మీ నాన్న కదా. ఎందుకు అనవు?"

మధ్యాహ్నానికి డయాలసిస్ అయింది. మొహం కొంచెం తేటపడింది. హరుయో మంచం పక్కన వంగి, "నాన్నా, మంచు తగ్గేదాకా మా ఇంటికి వచ్చెయ్. ఇప్పుడిక కొలను కూడా లేదు కదా," అంది.

"మీ వదిన కూడా వస్తుందా?"

హరుయో మిత్సుయే వైపు చూసింది. ఇన్నేళ్ళలో వదినని రమ్మని తను ఎప్పుడూ అడగలేదు. సిగ్గుపడింది. "రాకపోతే నేను ఊరుకుంటానా?" అని టీ తెస్తానంటూ బయటికి వెళ్ళిపోయింది.

కిన్‌జో కోడలి వైపు తిరిగాడు. మెల్లిగా అన్నాడు: "చేపలు లేవు. ఇక సాయంత్రాలు ఎవర్ని తిడతావు?"

మిత్సుయే దుప్పటి ఆయన కాళ్ళ మీదికి లాగింది.

"నన్ను తిట్టు," అన్నాడు. "అవి నీళ్ళలో ఉండి ఊరుకున్నాయి. నాకు చెవులున్నాయి. నేను వింటాను."

"ఏమని తిట్టను మామయ్యా మిమ్మల్ని?"

"ఏదైనా. ఇవాళ్టి దానితో మొదలుపెట్టు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ నిండాయి. "ఆ వాచిన కాళ్ళతో మంచులోకి వెళ్ళి వాల్వు ఎందుకు తిప్పారు?" అంది గట్టిగా. పక్క మంచాలవాళ్ళు తలెత్తి చూశారు. "జారి పడితే? మీ అబ్బాయి పడ్డట్టే మీరూ పడితే? తెల్లారి లేచి మళ్ళీ నేనే చూడాలా? ఒక్కసారి చూశాను, చాలదా? మీ ఇద్దరికీ ఒకటే బుద్ధి! చెప్పకుండా పోవడమే! ఒక్కమాట... ఒక్కమాట చెప్పి పోతే..."

"ఊఁ," అన్నాడు కిన్‌జో, ఆమె పగిలిన చెయ్యి తన రెండు చేతుల మధ్యకి తీసుకుని. "ఇంకా?"