ఎండ సెలవు

నార్బర్ట్ గోర్‌స్కీ ట్రక్కు దిగి, బూట్లకున్న మంచు గుమ్మం దగ్గర దులుపుకుని వంటింట్లోకి వచ్చేసరికి వాళ్ళమ్మ కాఫీ పెట్టుకుని కిటికీ దగ్గర కూచుంది. ఇంకా తెల్లారలేదు. చలికాలంలో ఈ ఇంట్లో పొద్దులన్నీ ఇలాగే మొదలవుతాయి. ఎల్డన్ స్కూళ్ళకి సూపరింటెండెంట్ అతను. మంచు పడిన రోజున ఊరంతా పడుకునుండగానే లేచి, రోడ్లన్నీ తిరిగొచ్చి, పిల్లలకి బడి ఉందో లేదో చెప్పాల్సింది అతనే. మిగతా రోజుల్లో అతనొకడున్నాడని ఊళ్ళో ఎవరికీ గుర్తుండదు.

"ఎలా ఉందిరా రోడ్డు?" అంది బుషా. ఆవిడ అసలు పేరు వాండా. ఇక్కడి పోలిష్ ఇళ్ళల్లో నాయనమ్మని బుషా అంటారు. మనవరాలు టెస్సీ పుట్టిన దగ్గర్నించి ఇంటిల్లిపాదికీ ఆవిడ బుషాయే.

"కింద బానే ఉంది. పైన బాలేదు."

"మనం ఉండేది పైనేగా?"

"స్కూలు బోర్డు ఉండేది కింద."

ఎల్డన్ పేరుకి ఒకటే ఊరు గానీ నిజానికి రెండు. సరస్సు మీంచి వచ్చే మబ్బు కొండకి తగులుకుని, ఉన్నదంతా అక్కడే కుమ్మరించి పోతుంది. కొండ మీద వాళ్ళు పార పట్టుకుని కారు ఎక్కడుందా అని తవ్వుతుంటే, లోయలో వాళ్ళు కారు కడుక్కుంటూ ఉంటారు. బడి మాత్రం ఇద్దరికీ ఒకటే. సెలవిస్తే ఇద్దరికీ ఇవ్వాలి.

కిందటి మంగళవారం నార్బర్ట్ ఇచ్చాడు. కొండ మీద మోకాలి లోతు మంచు. లోయలో ఎండ. స్కూలు బోర్డు అధ్యక్షుడు డ్వైట్ ప్రిచర్డ్‌కి కింద ఫర్నిచర్ కొట్టుంది. ఆయన పెరట్లో కుర్చీ వేసుకుని, చలవద్దాలు పెట్టుకుని ఫోటో దిగి, "భయంకరమైన మంచులో చిక్కుకుపోయాం, కాపాడండి" అని ఊరందరూ చూసేచోట పెట్టాడు. మర్నాటికల్లా దానికి ఎండ సెలవు అని పేరు పడిపోయింది. ఎవరో నార్బర్ట్ బల్ల మీద ఎండకి రాసుకునే క్రీము పెట్టి వెళ్ళారు. హోటల్లో వడ్డించే ఆవిడ, "ఇవాళ సూపు ఉందా, సెలవా? మీరే చెప్పాలి" అంది. చర్చిలో ఫాదర్ కూడా ప్రసంగం మధ్యలో ఓ మాట వేశాడు. అందరితోపాటు నార్బర్ట్ కూడా నవ్వాడు. నవ్వి, ఇంటికొచ్చి ఆ క్రీము చెత్తబుట్టలో పడేశాడు. వాళ్ళావిడ డెనీస్ దాన్ని తీసి, తుడిచి, అలమారులో పెట్టింది. మంచి రకం, వేసవికి పనికొస్తుందని.

అతని కాంట్రాక్టు పొడిగించాలా వద్దా అని బోర్డు ఓటేసేది ఈ గురువారమే.

ఇవాళ కూడా చుట్టుపక్కల ఊళ్ళ సూపరింటెండెంట్లు ఫోన్లో కలిశారు. ప్రతి మంచు రోజూ కలుస్తారు.

"మీ వైపు ఏమనుకుంటున్నారు?"

"మీరేమనుకుంటే అదే. మీరేమనుకుంటున్నారు?"

"ఇంకా ఏమీ అనుకోలేదు. వేరేవాళ్ళెవరైనా ఏమైనా అనుకున్నారా?"

అందరికంటే ముందు మూసేసినవాడిని పిరికివాడంటారు. అందరికంటే ఆఖర్న మూసేసినవాడిని రాక్షసుడంటారు. అందుకని అందరూ మధ్యలో మూసెయ్యాలని చూస్తారు. చివరికి ఎప్పుడూ తేలేది ఒకటే. రెండు గంటలు ఆలస్యంగా బడి. అది నిర్ణయం కాదు, నిర్ణయానికి ఇచ్చే సెలవు.

నార్బర్ట్ పక్క గదిలోకి వెళ్ళి, ఊళ్ళో అన్ని ఫోన్లకీ ఒకేసారి వెళ్ళేలా ఆ మాట రికార్డు చేసి వచ్చాడు. రెండు నిమిషాల్లో ఊళ్ళో ఫోన్లన్నీ మోగాయి. వంటింట్లోదీ మోగింది. బుషా స్పీకరు నొక్కింది.

"గుడ్ మార్నింగ్. నేను మీ సూపరింటెండెంట్ నార్బర్ట్ గోర్‌స్కీని. వాతావరణం బాలేనందువల్ల ఇవాళ బడి రెండు గంటలు ఆలస్యంగా మొదలవుతుంది. ఏ నిర్ణయం తీసుకున్నా మీ పిల్లలు మా పిల్లలే అనుకుని తీసుకుంటాం. ధన్యవాదాలు."

"గుడ్ మార్నింగ్ నాయనా," అంది బుషా ఫోనుతో. ఎదురుగా నిలబడ్డ కొడుకు వంక చూడనే లేదు. "వీడు ఇంట్లోకంటే ఫోన్లోనే మర్యాదగా ఉంటాడు."

డెనీస్ రొట్టె ముక్కలు కాలుస్తోంది. బయట మంచు తగ్గలేదు. నార్బర్ట్ కంప్యూటర్ ముందు కూచుని, మబ్బు ఎటు కదులుతోందో చూస్తున్నాడు. మబ్బు ఎటూ కదలట్లేదు. ఈలోగా అతని సెల్‌ఫోన్ మోగింది.

"నార్బ్, నేను డ్వైట్‌ని. మా ఇంటిముందు గడ్డి కనబడుతోందయ్యా. పచ్చగా ఉంది."

"పైన ఇంకా పడుతోంది డ్వైట్."

"పైన ఎప్పుడూ పడుతూనే ఉంటుంది. నేనేం చెప్పట్లేదులే, అది నీ ఉద్యోగం. గడ్డి ఉందని చెప్తున్నానంతే. గురువారం కలుద్దాం."

నార్బర్ట్ ఫోన్ పెట్టేసి కాసేపు ఆ మబ్బునే చూశాడు. తర్వాత పక్క గదిలోకి వెళ్ళాడు. మళ్ళీ ఊళ్ళో ఫోన్లన్నీ మోగాయి. ఆలస్యంగా అయినా బడి ఉంది, బస్సులు బయల్దేరుతున్నాయి, మీ పిల్లలు మా పిల్లలే, ధన్యవాదాలు.

వంటింట్లోకి వచ్చి డెనీస్ పక్కన నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు. "టెస్సీని ఇవాళ పంపొద్దు."

"ఏం?"

"చర్చి మలుపు దగ్గర మంచు కిందంతా గడ్డకట్టి గాజులా ఉంది. ఇందాక నా ట్రక్కు జారింది."

డెనీస్ చేతిలో వెన్న కత్తి ఆగిపోయింది. "ఎంత జారింది?"

"కంచె దాకా. బళ్ళోకి ఫోన్ చేసి, దానికి గొంతు నొప్పని చెప్పు."

"సరే," అంది డెనీస్. ఆలోచించలేదు. ఠక్కున అనేసింది.

"ఎవరికి గొంతు నొప్పి?"

మెట్ల మీద టెస్సీ నిలబడి ఉంది. పదహారేళ్ళ పిల్ల, కోటు వేసుకుని, సంచీ తగిలించుకుని.

"నీకేనే," అంది బుషా. "ఇప్పుడే వచ్చింది. ఇంకా వేడిగా ఉంది."

"నా గొంతు బానే ఉంది!"

"టెస్సీ, అరవకు," అన్నాడు నార్బర్ట్.

"నొప్పుంటే అరవలేను కదా. అందుకే అరిచి చూపిస్తున్నా. నాన్నా, రోడ్డు బాలేదా?"

"బానే ఉంది."

"మరి నేనెందుకు మానాలి?"

"బాలేదు కాబట్టి."

అన్నాక తన మాట తనకే వినబడింది. రొట్టె మాడుతున్న వాసన వచ్చింది.

"లెస్టర్ జాగ్రత్తగా నడుపుతాడు," అన్నాడు చివరికి. "కొండ బస్సు ఎన్నాళ్ళ నించో నడుపుతున్నాడు."

"అయితే నన్నూ జాగ్రత్తగానే తీసుకెళ్తాడు."

"టెస్సీ, నీకు తెలీదు. ఈ గురువారం ఓటు అటూ ఇటూ అయితే ఈ ఇల్లు, నీ చదువు..."

"నా పేరు పెట్టకు నాన్నా. దీంట్లో నా పేరు పెట్టకు." టెస్సీ జేబులోంచి ఫోన్ తీసి నొక్కింది. వంటింట్లో నార్బర్ట్ గొంతు మర్యాదగా మోగింది. మీ పిల్లలు మా పిల్లలే అనుకుని... అక్కడ ఆపింది. "ఇది మార్చి చెప్పు. మీ పిల్లలు మీ పిల్లలే, మా పిల్లకి మాత్రం గొంతు నొప్పి అని చెప్పు. ధన్యవాదాలు కూడా చెప్పు."

నార్బర్ట్ బల్ల మీద గట్టిగా చరిచాడు. కాఫీ ఒలికింది. "నోర్ముయ్!"

టెస్సీ నోరు మూసుకోలేదు గానీ గొంతు తగ్గింది. అది ఇంకా కష్టంగా ఉంది వినడానికి. "పక్కింటి జోసీ స్టాపులో ఉంటుంది. ఆరేళ్ళది. రోజూ నా చెయ్యి పట్టుకునే బస్సెక్కుతుంది. రేపు దానికేం చెప్పను? మా నాన్నకి రోడ్డు సంగతి ముందే తెలుసు, అందుకే నిన్నొక్కదాన్నే ఎక్కించారని చెప్పనా?"

తలుపు గట్టిగా వెయ్యలేదు. మెల్లిగా వేసి వెళ్ళింది.

డెనీస్ మాడిన రొట్టె తీసి తొట్లో పడేసింది. "ఇంకా ఫోన్ చెయ్యమంటావా గొంతు నొప్పని?" అంది.

"డెనీస్, ప్లీజ్."

"నిన్ననట్లేదు. నన్ను నేను అనుకుంటున్నా. నువ్వడగ్గానే సరే అన్నాను నార్బ్. జోసీ నాకు గుర్తే రాలేదు. దాని పుట్టినరోజుకి కేకు చేసిచ్చింది నేనే." తడి గుడ్డతో ఒలికిన కాఫీ తుడవడం మొదలెట్టింది. ఎప్పుడో శుభ్రమైపోయినా తుడుస్తూనే ఉంది.

బుషా కిటికీ వైపే చూస్తోంది. వీధి చివర స్టాపులో రెండు ఆకారాలు, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా. మంచులో ఉన్నట్టూ లేనట్టూ కనబడుతున్నాయి.

"నువ్వు చిన్నప్పుడు అబద్ధం చెప్తే నీ చెవులు ఎర్రబడేవిరా," అంది. "ఇందాకట్నించీ చూస్తున్నా. ఎర్రబడట్లేదు. పెద్ద ఉద్యోగమేలే."

నార్బర్ట్ కోటు సగం తొడుక్కునే బయటికి నడిచాడు.

స్టాపు దగ్గర జోసీ అతన్ని చూసి సంబరపడింది. "మిస్టర్ గోర్‌స్కీ! మీరు ఇవాళ రెండుసార్లు ఫోన్ చేశారు మాకు. మా అమ్మ మిమ్మల్ని ఒక మాట అంది. ఆ మాట నేను అనకూడదట."

"అనొద్దులేమ్మా," అన్నాడు.

టెస్సీ అతని వంక చూడలేదు. జోసీ చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది. కింద ఎక్కడో బస్సు గేరు మారుస్తూ మూలుగుతున్న చప్పుడు. రోడ్డు కనబడట్లేదు, చప్పుడొక్కటే పైకి వస్తోంది. నార్బర్ట్ ఆ చప్పుడు విన్నాడు. తన ట్రక్కు కంచె వైపు జారినప్పుడు స్టీరింగు చేతుల్లో ఎంత తేలిగ్గా తిరిగిందో గుర్తొచ్చింది. బస్సులు నడిపించే ఆర్లీన్‌కి ఫోన్ చేశాడు.

"లెస్టర్ ఎక్కడున్నాడు?"

"కొండ మొదట్లో. ఎక్కడం మొదలెట్టాడు."

"ఆగమను. అన్ని బస్సుల్నీ వెనక్కి రమ్మను. మూసేస్తున్నాం."

"నార్బ్, కింద ఎండ కాస్తోంది. చూశావా?"

"చూళ్ళేదు. తెలుసు."

"ఇవాళ్టికిది మూడో మాట. నిన్ను బతకనివ్వరు."

"ముందు లెస్టర్‌కి చెప్పు."

తర్వాత గాలికి వీపు తిప్పి అక్కడే నిలబడి రికార్డు చేశాడు. "గుడ్ మార్నింగ్. నేను నార్బర్ట్ గోర్‌స్కీని. ఇందాక బడి ఉందని చెప్పాను. తప్పు చెప్పాను. ఇవాళ బడి లేదు. ఏ నిర్ణయం తీసుకున్నా మీ పిల్లలు..." అక్కడ ఆగిపోయాడు. టెస్సీ చూస్తోంది. "కొండ రోడ్డు బాలేదు. నా కూతుర్ని నేను పంపట్లేదు. మీరూ పంపకండి."

"సెలవోయ్!" అని అరిచింది జోసీ. అది కూడా రికార్డయి ఇంటింటికీ వెళ్ళిపోయింది.

టెస్సీ తన మఫ్లరు విప్పి తండ్రి మెడకి రెండు చుట్లు చుట్టింది. "గొంతు జాగ్రత్త నాన్నా," అంది.

నార్బర్ట్ కళ్ళు తుడుచుకున్నాడు. చలిగాలి అన్నాడు. గాలి వీపు వైపు నించి వస్తోంది.

లోయలో ఆ రోజంతా ఎండ కాసింది. మధ్యాహ్నానికి కొండ మీద కూడా కాసింది. చూరుల్లోంచి నీళ్ళు కారాయి. డ్వైట్ మళ్ళీ కుర్చీ వేసుకున్నాడు, ఈసారి చొక్కా కూడా విప్పాడు. గురువారం నాలుగు ఓట్లు అటు, మూడు ఇటు పడ్డాయి. "ఇది వాతావరణం గురించి కాదు, స్థిరత్వం గురించి," అన్నాడు డ్వైట్ చాలా బాధగా. చర్చి మలుపు సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు. అక్కడేమీ జరగలేదు కదా. జరగనిదానికి ఎవరూ ఓటెయ్యరు.

జూన్‌తో ఉద్యోగం అయిపోయింది. నార్బర్ట్ పక్క ఊళ్ళో బీమా ఆఫీసులో చేరాడు. కిందవాళ్ళు ఇప్పటికీ అతన్ని చూస్తే ఆకాశం వంక చూసి నవ్వుతారు. ఆ వేసవిలో డెనీస్ క్రీము బయటికి తీసింది గానీ ఎవరూ రాసుకోలేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఎవరూ అడక్కపోయినా నార్బర్ట్ మంచు పడిన రోజున తెల్లారకముందే ట్రక్కు తీసి రోడ్లు చూసొస్తాడు. కొండ మీద వాళ్ళు ఒక్కొక్కరే అతనికి ఫోన్ చేసి అడుగుతారు, ఎలా ఉందని. అందరికంటే ముందు చేసేది జోసీ వాళ్ళమ్మే.

డిసెంబర్లో ఒక పొద్దున అతను బూట్లు దులుపుకుంటుంటే వంటింట్లో ఫోన్ మోగింది. బుషా స్పీకరు నొక్కింది. కొత్త సూపరింటెండెంట్. లోయలో ఇల్లు, గట్టి మనిషి, ఒకటే మాట. బడి ఉంది, వేళకే ఉంది. మీ పిల్లలు మా పిల్లలే అనుకుని తీసుకున్న నిర్ణయం, ధన్యవాదాలు. గొంతు మారింది గానీ మాటలు మార్చలేదు.

"ఈవిడా మర్యాదస్తురాలే," అంది బుషా.

నార్బర్ట్ కిటికీలోంచి చూశాడు. వీధి చివర స్టాపు కనబడట్లేదు. బళ్ళోకి ఫోన్ చేశాడు. ఆఫీసులో ఎత్తింది పాత మనిషే.

"టెస్సీ ఇవాళ రాదు. గొంతు నొప్పి."

"అయ్యో. సరే నార్బ్, రాసుకుంటున్నా."

"పక్కింటి జోసీకి కూడా. వాళ్ళమ్మ చేస్తుంది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే చేస్తారు. చర్చి మలుపుకి పైనున్న పిల్లలందరికీ గొంతు నొప్పే."

అవతల పెన్ను చప్పుడు ఆగింది. "అందరికీ ఒకేసారా?"

"కొండ గాలి అలాంటిది."

మళ్ళీ పెన్ను చప్పుడు. "రాసుకుంటున్నా," అందావిడ మెల్లిగా. "అక్కడ మా అక్క మనవలు కూడా ఉన్నారు. వాళ్ళకీ రాస్తున్నా."

మెట్ల మీద నిలబడ్డ టెస్సీ గట్టిగా ఒక్కసారి దగ్గింది.

"దగ్గు కూడా రాసుకోమను నాన్నా," అంది.

కింద లోయలో అప్పటికే ఎండ వచ్చేసింది.