కోడలికి బదులుగా

ఆ ఉదయం కూడా లోకేశ్వరి కూనిరాగం తీస్తూనే దోసెలు పోసింది. సంక్రాంతితో మొదలయ్యే తై మాసంలో పెళ్లయింది. ఎండాకాలపు చిత్తిరై ముగియవచ్చేసరికి ఈ పోదనూరు ఇంట్లో ఆమెకు నచ్చనిదంటూ ఏదీ మిగల్లేదు. దోసె అంచు కరకరలాడుతూ లేవడం, రైలు పోయినప్పుడల్లా అలమరలో గిన్నెలు గలగలమనడం, భర్త నందకుమార్ బండి తాళం మరిచినట్టు నటించి మళ్లీ వంటింట్లోకి రావడం, అన్నీ సంబరాలే. కొత్త సంబరం మాత్రం మెడలో వేలాడుతున్న అగ్గిపెట్టెంత యంత్రం.

అది వేడిని కొలుస్తుంది. ఒక కాలేజీవాళ్లు పేటలో కొందరికి ఇచ్చారు. జనం ఏ దారిన నడుస్తారు, ఎక్కడ ఎండ మాడుస్తుంది, ఎక్కడ ఆగి ఊపిరి పీల్చుకుంటారు అన్నది బయటివాళ్లు కాదు, ఆ వీధులవాళ్లే నడిచి కనిపెట్టాలని వాళ్ల ఆలోచన. తేలినదాన్ని బట్టి ఒక దారికి నీడపందిరి, చెట్లు వస్తాయన్నారు. భూగోళం చదివిన లోకేశ్వరి అందరికన్నా ముందు చెయ్యెత్తింది. ఇంటి నుంచి బస్టాపు దాకా, రోజూ మధ్యాహ్నం, ఆమె నడవాలి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ దారిలోని చింతచెట్లన్నీ కొట్టేశారు. ఇప్పుడక్కడ కాకి నిలవడానికి కూడా నీడ లేదు.

"ఈ పొద్దునించి నువ్వు పోకూడదు," అంది అత్త తంగం, కొబ్బరి తురుముతూనే.

"ఏం అత్తా?"

"కత్తిరి వెయ్యిలు పుట్టింది కదమ్మా, నిప్పులు కురిసే దినాలు. అది ముగిసేదాకా కొత్త కోడలు మిట్టమధ్యానం కడప దాటేది మన ఇంట్లో లేదు. మా అత్త నన్ను బావికాడికి కూడా పంపలే."

"మాట ఇచ్చేసినా అత్తా! నడుమ నిలిపితే నా దారినే తీసేస్తారంట."

"తీసేస్తే తీసేయనీ. నువ్వు ఎండకు వాడిపోతే మీ అమ్మకు ఎవరు జవాబు చెప్పేది?"

లోకేశ్వరి మొహం చిన్నబోయింది. తిన్నెమీద పేపరు చదువుతున్న మామ సుబ్రమణియం అది చూశాడు.

"తంగం, నీ కోడల్ని నువ్వు ఇంట్లోనే పెట్టుకో. దాని నడక నేను నడుస్తా."

"మీరా మామా?"

"ఏం, నాకు కాళ్లు లేవా? కరిసల్ నల్లమట్టిలో పత్తి తీసిన ఒళ్లు తల్లీ ఇది. కత్తిరి ఎండేదా నన్ను చూసి గొడుగు పట్టాల!"

"ఈ నోటికి మాత్రం తక్కువ లేదు," అని తంగం నవ్వింది. లోకేశ్వరి గబగబా యంత్రం తీసి ఆయన మెడలో వేసింది.

"ఇప్పటినించి మీరేదా లోకేశ్వరి, మామా!"

"చీర ఒకటేదా బాకీ!" అన్నాడాయన. ఇల్లంతా నవ్వింది.

చేలో ఎండకు గట్టు మీద వేపచెట్టు తోడుంటుంది. గాలి ఉంటుంది, కుండలో గంజి ఉంటుంది. తారురోడ్డుకు అవేవీ లేవు. పై నుంచి ఎండ, కింద నుంచి తారు, రెండూ కలిసి మనిషిని పెనం మీద దోసెలా కాలుస్తాయి. ఆ తేడా సుబ్రమణియానికి తట్టలేదు. చదువుకున్న లోకేశ్వరికీ తట్టలేదు. ఆయన రోజూ ఎర్రబడ్డ మొహంతో వచ్చి, చెంబెడు మజ్జిగ గొంతులో ఎత్తిపోసుకొని, "మీ యంత్రం కన్నా ముందు నా నెత్తే చెప్పేస్తుంది తల్లీ," అనేవాడు. ఆమె కిలకిలా నవ్వి ఇంకో చెంబు అందించేది.

ఒక మధ్యాహ్నం బస్టాపు దగ్గర పూలమ్మే వీరాయి ఫోన్ చేసింది. "మీ మామ నిలిచిన చోటే ఒరిగిపొయినాడుమా. ఒళ్లు నిప్పుగా ఉండాది. తొందరగా రండి!"

ప్రాణం నిలిచింది. అంతే నిలిచింది. ఎండదెబ్బ మెదడుకు తగిలిందన్నారు డాక్టర్లు. మాట పోయింది. కాళ్లు ఉన్నా నడక పోయింది. ఇక ఇంతే, దేని మీదా ఆశ పెట్టుకోవద్దు అన్నారు.

ఇంటికి తెచ్చిన రోజు, మామను పట్టుకోబోయిన లోకేశ్వరి చేతిని ఆయన భుజం మీద నుంచి తంగం తీసేసింది. "నువ్వు ముట్టొద్దు." తిట్టలేదు, శాపం పెట్టలేదు. ఆ ఒక్క మాటే. ఆ తరవాత తల్లీ కొడుకులే ఆయన్ని లేపేవారు, కూర్చోబెట్టేవారు, తుడిచేవారు. లోకేశ్వరి గుమ్మం దగ్గర నిలబడి చూసేది. ఎప్పుడైనా అత్త పిలుస్తుందేమోనని చేతులు తడి లేకుండా తుడుచుకొని మరీ నిలబడేది. వంటింట్లో పాట ఆగిపోయింది. రైలు పోతే గిన్నెల చప్పుడు విని ఉలిక్కిపడేది.

ఒక ఆదివారం కాలేజీ నుంచి ఆనంది వచ్చింది. పేటలో ఈ పనంతా చూసేది ఆమే. చేతిలో పేట పటం. అందులో దారులన్నీ రంగు రంగుల గీతలు. ఒకటి మాత్రం నెత్తురులా ఎర్రగా ఉంది.

"అన్నిటికన్నా ఎక్కువ కాలే దారి నీదే లోకేశ్వరి. పందిరి దీనికేదా వచ్చేట్టు ఉండాది. నడిచేటప్పుడు ఒంటికి ఎట్ల ఉండింది, ఏ చోట నీకు మరీ కష్టమైంది, అది మాత్రం చెప్పు. రాసుకొని పోతా."

పక్కనుంచి నందకుమార్ ఏదో ఒకటి చెప్పేయమన్నట్టు కళ్లతో సైగ చేశాడు.

"కత్తిరిలో నడిచింది నేను కాదక్కా. మా మామ."

ఆనంది వరండాలో కుర్చీలో ఒరిగి ఉన్న సుబ్రమణియాన్ని చూసింది. చేతిలోని పటం మడిచింది.

"ముందే చెప్పుంటే ఆయన పేరే రాసుండొచ్చుమా. నడిచే ఆళ్ల వయసు, నడక, అలుపు అన్నీ కలిపిదా లెక్క. ఇప్పుడు ఆయన్ని అడిగేదానికీ లేదు. ఈ దారిని పక్కన పెట్టాల్సిందే."

"ఆయన పడింది పొయ్యా, అబద్ధమా?" అన్నాడు నందకుమార్.

"పొయ్ కాదన్నా. ఈ పటంలోదా దానికి చోటు లేదు." ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

గేటు పడగానే నందకుమార్ పెళ్లాం మీద పడ్డాడు. "ఇప్పుడు తృప్తా? నాయన ఒళ్లు పోయింది. ఆయన పడిన చోట ఒక నీడైనా వస్తుందనుకుంటే దాన్నీ పోగొట్టినావు. ఒక పొయ్ చెప్పేదానికి నోరు రాలేదా?"

"ఏమని చెప్పేదండి? ఎక్కడ కష్టమైందని అడిగింది. నాకేమి తెలుసు? నేను ఫ్యాను కింద కూచోనుంటి!"

"నువ్వు ఆ సనిగొట్టు యంత్రాన్ని ఇంట్లోకి తేకుంటే..."

"నందా, చాలురా!"

వరండాలోంచి తంగం అరుపు. ఆమె మొగుడి పక్కన నేలమీదే కూర్చుని ఉంది.

"అది పోతాననింది. వద్దనింది నేనుదా. కోడలికి ఎండ తగలకూడదని మా అత్త చెప్పిందంతా ఒప్పజెప్పినా. ఈయన పోతాననేటప్పుడు ఆపాలని ఎవురూ నాకు నేర్పియ్యలే. నవ్వి పంపించేసినా." మొగుడి పంచె అంచు సర్దింది. "దాన్ని తిడితే నా తప్పు నా నోట్లోనే వచ్చేస్తుందని ఇన్ని దినాలూ మూగగా ఉండా. ముట్టొద్దని మాత్రం అన్నా. పాపం, అది తలుపుకాడ నిలిచి నిలిచి పోతా ఉండింది."

"ఆయన మెడలో వేసింది నేనే అత్తా," అంది లోకేశ్వరి. ఇంకేదో అనబోయి ఏడ్చేసింది. తంగం కూడా ఏడ్చింది. నందకుమార్ గోడకు తల ఆనించి నిలబడిపోయాడు.

ఎండ వరండాలోకి జరిగి సుబ్రమణియం పాదాల మీదికి వచ్చింది. వాటిని వెనక్కి తీసుకోవడం ఆయనకు చేతకాలేదు. నోట్లోంచి ఒక మూలుగు మాత్రం వచ్చింది.

తంగం లేచి ఆయన చంకలో చెయ్యేసింది. కొడుకును పిలవలేదు.

"అటుపక్క నువ్వు పట్టుకో లోకూ."

ఇద్దరూ ఎత్తి నిలబెట్టారు. ఒకరు తొందరపడితే ఆయన అటు ఒరిగిపోతున్నాడు. "మెల్లగా... మెల్లగా," అంటూ తంగం కోడలి అడుగు చూసి తన అడుగు వేసింది. కడప దాకా రావడానికే చాలాసేపు పట్టింది. అక్కడ ఆయన ఆగి, కాలు ఎలా ఎత్తాలో తెలియక కిందికి చూస్తూ ఉండిపోయాడు.

తంగం ఆయన బరువంతా తన మీదికి తీసుకుంది. లోకేశ్వరి వంగి, ఆ పాదాన్ని రెండు చేతులతో ఎత్తి, కడప దాటించి లోపల పెట్టింది. పాదం ఇంకా వేడిగానే ఉంది.