ఊ కొట్టే చోటు

భోజనాలయ్యాక గున్నమ్మ మెడలోని పలుకుపట్టీ గడగడా కథ చెప్పేసింది. రాకుమారి రాక్షసుడి కోట దాటడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

"ఎంత బాగా పలుకుతోందో విన్నావా నాన్నా?" అంది కూతురు నీలవేణి.

లచ్చన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. చూపు పోయినప్పటినుంచి మధ్యాహ్నాలు భార్య చెప్పే కథలే ఆయనకు కాలక్షేపం.

భీమిలిలో ఇప్పుడు మూగతనం లేదు. గొంతు పోయిన ప్రతివారికీ పలుకుపట్టీ ఉంది. తలపును అది చిన్న చిన్న ఆనతులుగా మారుస్తుంది. లోపలున్న 'చదువరి' ఒక ఆనతి చదివి, ఆ పని చేసి, మళ్ళీ మొదటికెళ్ళి తర్వాతిదేమిటో వెతుక్కుంటుంది. పనికంటే తిరుగుడెక్కువ. చదువరిని మెరుగుపరచడమే నీలవేణి ఉద్యోగం. ఎప్పుడూ జంటగా వచ్చే ఆనతులను కలిపి ఒకటి చేసింది. ఫలితం ఎవరికీ అక్కర్లేనివాటిని ఏరి పారేసింది. కొత్త చదువరిని ముందుగా తల్లి పట్టీలోనే పెట్టింది. కన్నకూతురికి ఆ మాత్రం గర్వముండదూ!

మర్నాడు గున్నమ్మ కథ ఎత్తలేదు. ఆ మర్నాడూ అంతే.

"పట్టీ ఒరుసుకుంటోందా అమ్మా?"

"కాదే. మీ అయ్య ఇనట్నేదు. గోడకి సెప్పుకున్నట్టుంది."

"ఇంటన్నాను," అన్నాడు లచ్చన్న ఇటు తిరక్కుండానే. "ఊ కొడదారంటే సందేదీ? నోరు తెరిసీసరికి రాకాసోడు సచ్చిపోతన్నాడు. ఇంక నాతో పనేటి?"

నీలవేణికి మనసు చివుక్కుమంది. పాత చదువరిని తెరిచి చూసింది. ప్రతి వాక్యం చివరా ఒక ఆనతి ఉంది: ఆగి, చెవి ఒగ్గి, ఏదైనా వినబడ్డాక కదులు. విన్నదాన్ని ఎక్కడా దాచదు, దేనికీ వాడదు. గున్నమ్మ అలవాటునుంచి పట్టీ తనంతట తాను నేర్చుకున్నది అది. శుద్ధ దండగ అనుకుని నీలవేణే తీసేసింది.

తక్కిన వేగాన్ని అలాగే ఉంచి, ఆ ఒక్కదాన్నీ మళ్ళీ చేర్చింది.

"అనగనగా ఒక రాజు," అంది గున్నమ్మ. ఆగింది.

లచ్చన్న పలకలేదు. అలిగిన మనిషి అంత తేలిగ్గా దిగివస్తాడా? ఎంతసేపు ఆగాలో ఆ ఆనతిలో లేదు. పట్టీ ఆగే ఉంది. గున్నమ్మ భర్త వీపుకేసి చూస్తూ కూర్చుంది. తనే ఊ కొట్టేద్దామని నీలవేణికి నోటిదాకా వచ్చింది. కానీ అది తన ఊ కాదు. పెదవులు బిగించుకుంది.

మంచం కిర్రుమంది. లచ్చన్న మెల్లగా ఇటు తిరిగాడు.

"ఊ."