మొదటి గుక్క

ఆ ఉదయం కూడా లిబ్రాదా మామిడిచెట్టు కింద కూర్చుని రోట్లో పుదీనా దంచింది. తండ్రి ఫెర్మిన్ పశువుల్ని తోలి వచ్చాడు. ఆయన రెండో భార్య ఎర్మీనియా కూజాలో మంచుముక్కలు వేసి తెచ్చింది. వాళ్ల కాసపా ఊరి చుట్టుపక్కల పొద్దెక్కితే ఏ ఇంట్లోనైనా తెరెరే అనే చల్లటి ఆకుపానీయం తాగాల్సిందే. ఆవుకొమ్ముతో చేసిన ఒకటే గిన్నె, పీల్చడానికి ఒకటే గొట్టం. ఆకు మీద చల్లటి నీళ్లు పోసి వంతులవారీగా అందిస్తారు. కొత్త ఆకు వేసినప్పుడల్లా మొదటి గుక్క పోసేవాళ్లదే.

ఎర్మీనియా ఏదో అంది. ఫెర్మిన్ పగలబడి నవ్వాడు.

లిబ్రాదాకి పదిహేనేళ్లు. అమ్మ బతికుండగా ఆయన అలా నవ్వడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఇంత నవ్వు ఎక్కడ దాచిపెట్టాడు? అమ్మకు దక్కనిది ఈవిడకెందుకు దక్కాలి? అమ్మ కొమ్ముగిన్నెలోనే ఈవిడా తాగుతోంది.

వానలు తగ్గినప్పటినుంచి ఎర్మీనియాకు వాంతులు, గుండెదడ. నెల తప్పిందేమోనని ఇరుగుపొరుగు నవ్వారు. ఫెర్మిన్ కూడా ఆశపడ్డాడు.

తండ్రి తాగాక లిబ్రాదా గిన్నెలోని ఆకు దులిపేసింది. రోట్లో ఇంకేదో దంచి, కొత్త ఆకుతో కలిపి నింపి, నీళ్లు పోసి, నేరుగా పిన్నికి అందించబోయింది.

ఫెర్మిన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"మొదటి గుక్క ఎవరిది?"

"పిన్నికి దాహంగా ఉంది కదా నాన్నా."

"ఆకు మార్చావు. నువ్వు తాగి ఇవ్వు."

ఆ పిల్ల కదల్లేదు. ఆయన రోట్లోకి చూశాడు. పుదీనా పిప్పిలో సన్నటి గన్నేరాకు తునకలు.

"నిన్ను కన్నది మీ అమ్మేనా?" అన్నాడు.

"అమ్మ పేరెత్తకు. అమ్మ దగ్గర ఒక్కనాడైనా నవ్వావా నువ్వు?"

అని లిబ్రాదా గొట్టం నోట్లో పెట్టుకుంది. ఫెర్మిన్ చూస్తూ నిలబడ్డాడు. ఆపలేదు.

ఆపింది ఎర్మీనియా. కొమ్ము లాక్కుని నేల మీద కుమ్మరించింది.

"మొదటిరోజే చేదు తగిలింది. పెదవి తడుపుకుని మిగతాది పారబోస్తూ వచ్చాను," అంది ఆయాసపడుతూ. "నీ అంతట నువ్వే మానేస్తావనుకున్నానే పిల్లా."

నాకెందుకు చెప్పలేదని ఫెర్మిన్ అడిగాడు.

"చెబితే ఏం చేసేవాడివో ఇప్పుడు చూశాంగా."

లిబ్రాదా ఆవిడ ఒళ్లో తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఫెర్మిన్ వైపు ఎవరూ చూడలేదు. కూతురి ఏడుపు కూడా తనకు కాక సవతితల్లి ఒడికే దక్కిందని ఆయన గుండె మండింది. గొడ్డలి తీసుకుని పెరట్లోని గన్నేరు చెట్టుని మొదలంటా నరికాడు.

మర్నాడు ఎర్మీనియా రోలు తోమి, రోకలి మళ్లీ ఆ పిల్ల చేతికే ఇచ్చింది. లిబ్రాదా తాగి పిన్నికి అందించింది. ఎర్మీనియా గొట్టం గురగురలాడేదాకా తాగింది. తర్వాతి వంతు ఫెర్మిన్‌ది. ఆయన కొమ్ము అందుకుని, గొట్టం నోటిదాకా తెచ్చి ఆపాడు.

"మేమిద్దరం తాగాం. ఇంకేం భయం?" అంది ఎర్మీనియా.

ఆయన భయం గన్నేరు గురించి కాదు. నిన్న కూతురి నోటి దగ్గర తను ఆపని గొట్టం ఇదే.

తాగాడు. తిరిగి ఇస్తుంటే పట్టు సడలింది. కొమ్ము జారకుండా లిబ్రాదా ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.